‘ఒక్క ముక్కేగా, తిను’ అనకండి
పాఠకుల ప్రశ్నలు, డాక్టరు గారి జవాబులు

పెళ్లిళ్ల సీజన్ అయిపోయింది కదా, విందుల్లో తిన్నది పడక, అంటే తిండి అలర్జీతో, అవస్థ పడిన పిల్లల గురించి ఈ నెల చాలామంది రాశారు. అందులో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలవే ఎక్కువ. ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి చదివితే నాకు జబ్బు కంటే మన మొహమాటం మీదే ఎక్కువ కోపం వచ్చింది, వడ్డించేవాళ్లదీ, తినేవాళ్లదీ. అందుకని ఈసారి మోకాళ్ల నొప్పులు, షుగరు, గ్యాస్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను, పెద్దవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, మా ఆయన రొయ్యల చెరువులు చేస్తారు. మా బాబుకి 15 ఏళ్లు. చిన్నప్పటి నుంచి రొయ్యలు ఇష్టంగా తిన్నవాడే. సంక్రాంతికి రొయ్యల వేపుడు తిన్న పావుగంటకి పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఏవిల్ ఇంజెక్షన్ చేస్తే నిద్రపోయాడు, తెల్లారేసరికి తగ్గింది. మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్లిలో వద్దు వద్దంటూనే రెండు రొయ్యల పకోడీలు తిన్నాడు. ఈసారి దద్దుర్లు పెద్దగా లేవు గానీ గొంతు బొంగురుపోయింది, వాంతులయ్యాయి, చెయ్యి కడుక్కోవడానికి లేచి అక్కడే పడిపోయాడు. ఆసుపత్రిలో తొడకి ఏదో ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకున్నాడు. మా అత్తగారేమో వేడి చేసిందంతే, రోజూ కొంచెం కొంచెం పెట్టి అలవాటు చేస్తే అదే పోతుందంటున్నారు. రొయ్యల మీద బతికే ఇంట్లో రొయ్య పడకపోవడమేంటండీ?
(ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి తొడకి ఇచ్చిన ఆ ఇంజెక్షన్ అడ్రినలిన్ అయ్యుంటుంది. ఆసుపత్రి కాగితంలో చూసి రూఢి చేసుకోండి, ఆ పేరు ఇంటిల్లిపాదీ కంఠతా పట్టండి. ఈ జబ్బు ముదిరినప్పుడు ముందుగా పడాల్సిన మందు అదొక్కటే, మిగతావన్నీ దాని వెనక వచ్చేవే.

ఇది వేడి చేయడం కాదండీ. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. మీ వాడి ఒంట్లో రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలు తయారు చేసి పెట్టుకుంది. మళ్లీ రొయ్య లోపలికి వెళ్లగానే హిస్టమిన్, అలాంటివే మరికొన్ని రసాయనాలు ఒక్కసారిగా ఒంట్లోకి విడుదలవుతాయి, దాంతో రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది, గొంతు లోపల వాస్తుంది, ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. దీన్నే అనఫిలాక్సిస్ అంటాం. ఇన్నాళ్లు తిన్నవాడికి ఇప్పుడెందుకొచ్చిందని చాలామంది అడుగుతారు. పాలు, గుడ్డు అలర్జీలు సాధారణంగా పసితనంలో వచ్చి చాలామందిలో పెద్దయ్యేలోగా పోతాయి. రొయ్య, పీత అలర్జీ అలా కాదు, పెద్దయ్యాక కూడా కొత్తగా మొదలవుతుంది, మొదలైతే ఎక్కువమందిలో ఉండిపోతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘దద్దుర్లు పెద్దగా లేవు గానీ’ అన్నది. అందరూ మోసపోయేది ఇక్కడే. ఒంటి మీద ఏమీ కనపడకుండా నేరుగా గొంతూ గుండే పట్టుకునే కేసులు కూడా ఉంటాయి. గొంతు బొంగురుపోవడం, మింగుడు పడకపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, కళ్లు తిరిగి తూలిపోవడం... పడదని తెలిసిన తిండి తిన్నాక వీటిలో ఒక్కటి కనిపించినా ఇంకా చూద్దాంలే అనుకోవడానికి లేదు. ఒంటి దురదతో పాటు ఆగకుండా వాంతులవుతున్నా అంతే. సంక్రాంతికి తేలిగ్గా పోయింది కాబట్టి ఎప్పుడూ అలాగే పోతుందన్న గ్యారంటీ లేదు, మీరే కళ్లారా చూశారు కదా.

ఏవిల్, సిట్రిజిన్ లాంటివి దురదా దద్దుర్లూ తగ్గిస్తాయి, గొంతు వాపునీ పడిపోయే బీపీనీ ఆపలేవు. స్టెరాయిడ్ పని చేయడానికి గంటలు పడుతుంది. గొంతు మూసుకుపోతుంటే వీటిని నమ్ముకోవడం ఏటిగట్టుకి గండి పడ్డాక గుమ్మం దగ్గర కూర్చుని చెంబుతో నీళ్లు తోడినట్టు ఉంటుంది. పైగా ఏవిల్ నిద్ర తెప్పిస్తుంది, పిల్లాడు నిద్రపోతున్నాడో స్పృహ తప్పుతున్నాడో ఇంట్లోవాళ్లకి తెలియదు. మీ ఊరి ఆర్‌ఎంపీ గారిని తప్పు పట్టడం కాదు, ఆ రోజు చేతిలో ఉన్నదేదో చేశారు. కాకపోతే ఆయనకి కూడా ఈ కాగితం చూపించండి. అడ్రినలిన్ తొడ బయటి వైపు మధ్యలో, కండలోకి పొడవాలి. నరంలోకి పొరపాటున కూడా ఎక్కించకూడదు, ఆ పని ఐసీయూలో మానిటర్ పెట్టుకుని చేసేవాళ్లది. మోతాదు కేజీకి 0.01 మిల్లీగ్రాము, ఎంత బరువున్న మనిషికైనా అర మిల్లీగ్రాముకి మించకూడదు. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది ఇస్తారు.

విదేశాల్లో దీన్ని పెన్నులాగా తొడకి నొక్కితే చాలనే పరికరంగా ఇస్తారు, మన ఊరి మెడికల్ షాపులో అది అడిగి తెచ్చుకోవడం కష్టం, తెప్పించుకున్నా ఖరీదు. కానీ మందు మాత్రం ఖరీదైనది కాదు, ఒక మిల్లీలీటరు గాజు ఆంప్యూల్‌లో దొరుకుతుంది. మీ వాడి బరువుకి ఎంత గీత వరకు లాగాలో డాక్టరు చేత రాయించుకుని, రెండు ఆంప్యూల్స్, ఒక మిల్లీలీటరు సిరంజిలు, అంగుళం సూదులు ఒక గట్టి డబ్బాలో పెట్టుకోండి. ఇన్సులిన్ సిరంజి పనికిరాదు, సూది పొట్టి, గీతలు వేరే లెక్క. ఆంప్యూల్ మెడ దూదితో పట్టుకుని విరచడం, బుడగ లేకుండా లాగడం నర్సమ్మ దగ్గర నేర్చుకుని ఉత్త నీళ్లతో బత్తాయి కాయ మీద అలవాటు చేసుకోండి, మీరూ, మీ ఆయనా, బాబూ ముగ్గురూ. కంగారులో చేతులు వణుకుతాయి, అప్పుడు నేర్చుకునే టైము ఉండదు. ఇచ్చాక కాసేపు గుండె దడ, చేతుల వణుకు ఉంటాయి, ఆ వయసు పిల్లలకి దాని వల్ల ముప్పు రావడం చాలా అరుదు, ఇవ్వకపోవడం వల్లే ముప్పు. మందు ఎండ తగలకుండా ఉండాలి. రోహిణి కార్తెలో బండి డిక్కీలో పెట్టి వదిలేస్తే ఇక దాన్ని నమ్ముకోలేం. ఫ్రీజర్‌లోనూ పెట్టకూడదు. డేట్ అయిపోతే మార్చేయాలి.

ఇంజెక్షన్ చేశాక పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి, వాంతి వస్తుంటే పక్కకి తిప్పండి. మనవాళ్లు చేసే పెద్ద తప్పు, కాస్త తేరుకోగానే లేపి నడిపించుకుంటూ ఆటో ఎక్కించడం. బీపీ పడిపోయిన మనిషిని ఒక్కసారిగా నిలబెడితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. మీ వాడు చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడే పడిపోయాడు, గమనించారా? 108కి ఫోన్ చేసి ‘తిండి పడక ఊపిరి ఆడటం లేదు, స్పృహ తప్పుతున్నాడు’ అని స్పష్టంగా చెప్పండి. అంతా తగ్గిపోయినట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటలు ఉండాల్సిందే, ఎందుకంటే మందు ప్రభావం దిగాక మళ్లీ తిరగబెట్టడం కొందరిలో జరుగుతుంది.

మీ అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. 2015లో లండన్‌లో చేసిన ఒక పెద్ద పరిశోధనలో, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసిపిల్లలకి ఏడాది నిండకముందే వేరుశనగ తినిపించడం మొదలుపెడితే తర్వాత ఆ అలర్జీ రావడం బాగా తగ్గిందని తేలింది. కానీ అది అలర్జీ ఇంకా రాని పసివాళ్ల సంగతి. వచ్చేసిన పదిహేనేళ్ల వాడికి ఇంట్లో అలవాటు చేస్తామంటే అది ప్రాణంతో చెలగాటమే. కొలిచిన మోతాదులతో అలవాటు చేసే వైద్యం ఉంది, ఎక్కువగా వేరుశనగ, పాలు, గుడ్డు విషయంలో, అదీ ఎదురుగా డాక్టరు ఉండగా. అత్తగారికి ఈ ముక్క మర్యాదగానే చెప్పండి, ఆవిడ ప్రేమతోనే అన్నారు.

ఇక రొయ్యల ఇల్లు. చెరువు గట్టు మీద తిరిగితే సాధారణంగా ఏమీ కాదు. పచ్చి రొయ్య వలవడం, ఉడికేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చడం మాత్రం కొందరికి పడదు, రొయ్యల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకి ఉబ్బసం రావడం తెలిసిన సంగతే. బాబుని ఆ పనులకి దూరంగా ఉంచండి, నాన్నగారు చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని అన్నం దగ్గరికి రావాలి. ఉడికించినా వేయించినా ఆ ప్రొటీన్ చావదు. కాబట్టి రొయ్యలు వేగిన నూనెలో అప్పడం వేయించి పెట్టినా పెట్టినట్టే. మన వైపు అసలు తిప్పలు ఎండు రొయ్యలతో, వంకాయలో, గోంగూరలో, చింతచిగురులో అరచేతి నిండా పడేస్తాం, పొడి చేసి కలిపితే కంటికి కూడా కనపడదు. పీత కూడా మానేయాల్సిందే, రెండింటిలోనూ దాదాపు ఒకే ప్రొటీన్. చేపది వేరే ప్రొటీన్, కొరమేను, పండుగప్ప ఇన్నాళ్లూ పడుతుంటే డాక్టరుతో ఒకసారి మాట్లాడి తినొచ్చు, కాకపోతే బజారులో చేపలూ రొయ్యలూ ఒకే పీట మీద కోయించకండి.

ప్రశ్న: మేడమ్, నాకు 17. మాది అమలాపురం దగ్గర, ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉంటాను. నాకు పల్లీ పడదు. ఆరో తరగతిలో చిక్కీ తిని ఆసుపత్రి పాలయ్యాను. కొంచెం ఆస్తమా కూడా ఉంది. చిన్నప్పుడు అన్నీ అమ్మ చూసుకునేది. ఇప్పుడు బయటికెళ్తే ‘వీడికి పల్లీలంటే భయంరా’ అని ఏడిపిస్తారు. కిట్ జేబులో పట్టదు, బ్యాగ్ తీసుకెళ్తే ఏంట్రా అది అంటారు. ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు, ఇక పోయినట్టేనా? కొంచెం తిని చూడొచ్చా? ఇంకో ప్రశ్న ఉంది గానీ రాయడానికి సిగ్గుగా ఉంది.

జవాబు: నాన్నా, ముందు నీ రెండో ప్రశ్న. తిని చూడకు. వేరుశనగ అలర్జీ దాదాపు ఐదుగురు పిల్లల్లో ఒకరికి పోతుంది, నువ్వు ఆ ఒక్కడివి కావచ్చు, నలుగురిలో ఒకడివీ కావచ్చు. తేల్చే పద్ధతి ఉంది, చర్మం మీద పరీక్ష, రక్త పరీక్ష, అవి బాగుంటే ఆసుపత్రిలో డాక్టరు ఎదురుగా చిటికెడుతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతూ తినిపించి చూడటం. హాస్టల్ గదిలో రాత్రి పదింటికి ఫ్రెండ్స్ పందెం కడితే చేసే పని కాదు. నీకు ఆస్తమా ఉందన్నావు చూడు, అది నాకు పల్లీ కంటే ఎక్కువ భయం. అమెరికాలో తిండి అలర్జీతో చనిపోయిన 32 మంది గురించి 2001లో వైద్యులు రాశారు. ఎక్కువమంది నీ వయసువాళ్లో, నీకంటే కాస్త పెద్దవాళ్లో. నూటికి తొంభై పైగా వేరుశనగ, లేదా బాదం, జీడిపప్పు జాతి గింజలే కారణం. వివరాలు తెలిసినవాళ్లలో దాదాపు అందరికీ తమకి అలర్జీ ఉందని ముందే తెలుసు, ఆస్తమా కూడా ఉంది. తెలియనిదల్లా ఆ రోజు తిన్నదాంట్లో అది ఉందని. అడ్రినలిన్ దగ్గర ఉన్నవాళ్లు చాలా తక్కువ. ఇలాంటి మరణాలు మొత్తం మీద అరుదే, రాత్రి నిద్ర మానేసి భయపడక్కర్లేదు. కానీ ఆ అరుదైన వాటిలో మీ ఈడు వాళ్లే ఎందుకు ఎక్కువో ఆలోచించు. చిన్నప్పుడు అమ్మ చూసుకుంటుంది, పెద్దయ్యాక ఎవరేమనుకుంటే నాకేంటి అన్న ధైర్యం వస్తుంది, ఈ మధ్యలో నాలుగైదేళ్లు రెండూ ఉండవు.

నీ ఉబ్బసం మందు, అంటే రోజూ పీల్చమని చెప్పింది, పీలుస్తున్నావా? నాకు తెలుసు, సగం రోజులు మానేసి ఉంటావు. అది అదుపులో ఉంటే తిండి దెబ్బ కొట్టినా ఊపిరితిత్తులు తట్టుకుంటాయి. తేడా వస్తే ముందు అడ్రినలిన్, తర్వాత ఇన్‌హేలర్, ఈ వరస తిరగేయకూడదు.

ఏడిపించేవాళ్ల సంగతి. అందరికీ చెప్పక్కర్లేదు, మైకు పెట్టి ప్రకటించక్కర్లేదు. గదిలో ఇద్దరికి, నువ్వు నమ్మే ఇద్దరికి, కూర్చోబెట్టి చెప్పు. ఇదిగో డబ్బా, ఇదిగో ఇలా లాగాలి, ఇక్కడ పొడవాలి, నేను మాట్లాడలేకపోతే మీరే పొడవండి, అడగొద్దు. పదిహేడేళ్ల కుర్రాళ్లకి ప్రాణం కాపాడే పని అప్పగించి చూడు, అప్పటిదాకా ఏడిపించినవాడే రేపు టిఫిన్ బండి దగ్గర ‘అన్నా, చట్నీలో పల్లీ ఉందా’ అని నీకంటే ముందు అడుగుతాడు. వార్డెన్‌కి, మెస్ ఆయనకి మీ నాన్నగారి చేత చెప్పించు, కాగితం మీద రాయించి ఇప్పించు. కిట్ జేబులో పట్టదంటావు, ఫోనూ పవర్ బ్యాంకూ ఇయర్‌ఫోన్సూ పడతాయి కదా. పెన్సిల్ పౌచ్ కొనుక్కో, ఎవరూ చూడరు.

ఇంకొకటి, ఇది గుర్తు పెట్టుకో. గొంతులో ఏదో తేడాగా ఉందని అనిపించగానే నీ వయసు పిల్లలు నలుగురిలో సీన్ ఎందుకని లేచి ఒక్కళ్లే బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంటారు. వెళ్లకు. నలుగురి మధ్యే ఉండు, పక్కవాడి చెయ్యి పట్టుకో. పరువు పోయినా పర్లేదు.

మన ఊళ్లలో పల్లీ ఎక్కడెక్కడ దాక్కుంటుందో నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. కొబ్బరి చట్నీ అని ఇచ్చేదాంట్లో సగం పల్లీలే, కొబ్బరి ఖరీదు కదా, కోనసీమలో కూడా. గుత్తివంకాయ మసాలా, మరమరాల మిక్చర్, మసాలా బజ్జీ, పులిహోర, కారప్పొడి. గానుగ నూనెలో ప్రొటీన్ మిగిలి ఉంటుంది, అది వేరుశనగదైతే దూరంగా ఉండు. ఒకే గరిటె సాంబారులోనూ చట్నీలోనూ ముంచే చోట సాంబారు కూడా వద్దు. ప్యాకెట్ల మీద చదువు, ప్రతిసారీ, పాత ప్యాకెట్టే అయినా, దినుసులు మారుతుంటాయి. మన దేశంలో వేరుశనగ, బాదం జాతి గింజలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, సోయా, గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, నిల్వ కోసం కలిపే సల్ఫైట్లు ఉంటే ప్యాకెట్ మీద రాయాలని 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనలు చెబుతాయి. నువ్వులు ఆ జాబితాలో లేవు, అలర్జీ హెచ్చరిక వరసలో కనపడకపోతే లేవని కాదు, దినుసుల వరస మొత్తం చదవాలి. నువ్వుల సంగతి ఎందుకంటున్నానంటే, 2016లో బ్రిటన్‌లో నటాషా అనే 15 ఏళ్ల అమ్మాయి విమానాశ్రయంలో కొనుక్కున్న శాండ్‌విచ్ తిని చనిపోయింది. రొట్టె పిండిలోనే నువ్వులు కలిపారు, పైన కాగితం మీద ఆ మాట లేదు. విమానంలో తండ్రి రెండు ఇంజెక్షన్లు ఇచ్చినా ఆ పిల్ల దక్కలేదు. ఆ తల్లిదండ్రుల పోరాటంతో 2021 అక్టోబరు నుంచి అక్కడ షాపులోనే చుట్టి అమ్మే తిండి మీద కూడా దినుసులన్నీ రాయాలని చట్టం వచ్చింది, దానికి ఆ అమ్మాయి పేరే పెట్టారు. మన టిఫిన్ బండికి కాగితమే లేదు, కాబట్టి నీ నోరే నీకు లేబుల్. అడుగు. సరిగ్గా చెప్పలేకపోతే తినకు.

గుడిలో ప్రసాదం పెడితే కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చేయ్, దేవుడేమీ అనుకోడు. నొప్పి మాత్రలు, మందు కొట్టడం, ఈ రెండూ కూడా రియాక్షన్‌ని పెంచుతాయి, రెండోది నీ వయసుకి అసలే వద్దనుకో.

నువ్వు రాయని ప్రశ్న. చాలామంది అబ్బాయిలూ అమ్మాయిలూ ఇదే అడగబోయి ఆగిపోతారు, అందుకని ఊహించి చెబుతున్నాను. పల్లీలు తిన్న నోటిలో దాని ప్రొటీన్ గంటల తరబడి ఉండొచ్చు, ముద్దు వల్ల రియాక్షన్ వచ్చిన సందర్భాలు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. పళ్లు తోముకున్నంత మాత్రాన పూర్తిగా పోదు, కొన్ని గంటలు ఆగి, మధ్యలో పల్లీ లేని భోజనం చేస్తే బాగా తగ్గుతుంది. ఒకే స్ట్రా, ఒకే కూల్‌డ్రింక్ సీసా కూడా ఇదే లెక్క. ఎవరికైతే చెప్పాలో వాళ్లకి ముందే చెప్పెయ్, అర్థం చేసుకునే మనిషైతే అర్థం చేసుకుంటుంది. ఇప్పుడు ఈఏపీసెట్‌కి చదువుకో.

ప్రశ్న: నాకు 16 ఏళ్లు, తణుకు. కబడ్డీ ఆడతాను. పూరీ గానీ చపాతీ గానీ తిని ప్రాక్టీసుకి వెళ్తే కొన్నిసార్లు ఒళ్లంతా దద్దుర్లు, ఒకసారి కోర్టులోనే పడిపోయాను. చపాతీ తిని ఇంట్లో ఉంటే ఏమీ అవదు. తినకుండా ఆడినా ఏమీ అవదు. మా ఇంట్లో బలహీనత అంటున్నారు, ఒకాయన ఆట ఎగ్గొట్టడానికి నాటకం అన్నారు.

జవాబు: నాటకం అన్నాయన్ని నా దగ్గరికి పంపించమ్మా. నువ్వు రాసిన తీరు చూస్తే, తిండీ వ్యాయామం రెండూ కలిస్తేనే వచ్చే అనఫిలాక్సిస్‌లా ఉంది, మీ వయసులోనూ, ఆటలాడేవాళ్లలోనూ కనిపించేదే. గోధుమ దీనికి బాగా పేరున్న కారణం, కొందరికి రొయ్యలు. గోధుమలో ఒమేగా-5 గ్లియాడిన్ అనే ప్రొటీన్‌కి రక్త పరీక్ష ఉంది, అలర్జీ డాక్టరుకి చూపించి తేల్చుకో. తేలేదాకా ఆటకి ముందు నాలుగు గంటలు గోధుమ ముట్టకు. మన దగ్గర అదేం కష్టం, ఇడ్లీ తిను, అన్నం తిను. పూరీ ఆట అయ్యాక, అదీ చాలాసేపటికి. మోకాలు నొప్పెట్టిందని ఐబుప్రోఫెన్ లాంటి మాత్ర వేసుకుని కోర్టులోకి దిగకు, అది కూడా తోడైతే ఇంకా సులువుగా వస్తుంది. ఒంటి మీద వేడిగా, దురదగా అనిపించిన క్షణాన ఆట ఆపెయ్, పాయింట్ పోతే పోనీ. ఒక్కదానివే ప్రాక్టీసు చేయకు, కోచ్‌కి అడ్రినలిన్ కిట్ ఎక్కడుందో తెలియాలి. ఆట మానాల్సిన పని లేదు.

ప్రశ్న: కోనసీమలో ఒక లంక గ్రామంలో హైస్కూలు ఉపాధ్యాయుడిని. మా తొమ్మిదో తరగతి విద్యార్థినికి వేరుశనగ, గుడ్డు పడవని తల్లిదండ్రులు చెప్పారు. వరద రోజుల్లో పడవ తప్ప దారి లేదు. స్కూలు తరఫున ఏం చేయాలి?

జవాబు: మాస్టారూ, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే, ఏమీ జరగకముందే అడిగారు కాబట్టి. బ్రిటన్‌లో ఇలాంటి మరణాలను పరిశీలించినప్పుడు తిండి వల్ల వచ్చే రియాక్షన్లలో గుండెగానీ ఊపిరిగానీ ఆగిపోవడానికి సుమారు సగంమందిలో 30 నిమిషాలకి మించి పట్టలేదని తేలింది. మీ రేవు దగ్గర పడవ కోసం నిలబడితేనే అంత అవుతుంది. అందుకని మొదటి ఇంజెక్షన్ బడిలోనే పడాలి, ఏరు దాటాక అనుకుంటే కుదరదు. పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడి, తల్లిదండ్రుల సంతకంతో, ఆ పిల్ల బరువుకి మోతాదు రాసిన కాగితమూ కిట్టూ స్టాఫ్‌రూమ్‌లో పెట్టండి. బీరువాలో పెట్టి తాళం వేసి హెడ్‌మాస్టరు గారు తాళంచెవి జేబులో వేసుకుని మీటింగుకి వెళ్లే పద్ధతి వద్దు. కనీసం ముగ్గురు నేర్చుకోవాలి, ఏఎన్ఎం గారు నేర్పుతారు. మామూలుగా రెండు డోసులు ఉంచమంటాం, వరద నెలల్లో మీరు మూడోది కూడా ఉంచమని డాక్టరుని అడగండి. పడవ నడిపే ఆయన ఫోన్ నంబరు గోడ మీద 108 పక్కనే రాయండి. పడవలో కూడా ఆ పిల్లని పడుకోబెట్టే తీసుకెళ్లాలి.

మధ్యాహ్న భోజనంలో గుడ్డూ ఉంటుంది, వేరుశనగ చిక్కీ కూడా ఉంటుంది. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, మీ లంకల గన్నవరం ఆవిడే, వచ్చినవాళ్లకి లేదనకుండా అన్నం పెట్టిన తల్లి. ఆ పేరున్న భోజనంలో ఒక పిల్ల విడిగా మూలన కూర్చోకూడదు. స్నేహితులతోనే కూర్చోబెట్టండి, పక్కవాళ్లు చిక్కీ తిన్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, శానిటైజర్ రాసుకుంటే వేరుశనగ ప్రొటీన్ పోదు. వంట చేసే అమ్మకి స్వయంగా చెప్పండి, ఆ పిల్లకి ముందుగా, వేరే గరిటెతో వడ్డించమనండి. క్లాసులో ఎవరైనా ఏడిపించడానికి ఆ పిల్ల డబ్బాలో పల్లీ వేస్తే దాన్ని చిలిపి పని అనుకోవద్దు, ఆ పిల్లవాడి తల్లిదండ్రులని అదే రోజు పిలిపించండి.

ప్రశ్న: మా అమ్మాయికి తుమ్ములు, అప్పుడప్పుడు దురద. ల్యాబ్‌లో పెద్ద అలర్జీ ప్యాకేజీ చేయించాం. వంకాయ, కంది, పాలు, టమాట, గోధుమ, ఇలా పేజీ నిండా పాజిటివ్. అన్నీ మానిపించాం, పిల్ల బరువు తగ్గిపోతోంది. (రాజమహేంద్రవరం)

జవాబు: తిన్నప్పుడు ఏమీ కాకుండా కాగితంలో మాత్రమే పాజిటివ్ ఉంటే దాన్ని అలర్జీ అనరండి. కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనంలో నూటికి 26 మందికి పైగా రక్తంలో ఏదో ఒక తిండికి పాజిటివ్ వచ్చింది, నిజంగా అలర్జీ ఉండే అవకాశం కనిపించింది నూటికి ఒకరికి కొంచెం పైన. ఐజీజీ (ఐజీఈ కాదు, ఇంకో రకం యాంటీబాడీ) అని రాసిన పరీక్షయితే దాన్ని అసలు లెక్కలోకే తీసుకోవద్దు. ఇన్నాళ్లు తిని ఏమీ కానివాటి జాబితా రాసుకుని, ఈ వారమే డాక్టరుకి చూపించి మళ్లీ పెట్టడం మొదలుపెట్టండి. ఎదిగే పిల్లకి పప్పూ పాలూ మానిపించడం మాత్రం నిజమైన జబ్బు తెస్తుంది. తుమ్ములకి ఇంట్లో దుమ్ము సంగతి చూడండి.

ప్రశ్న: మా పెద్దమ్మాయికి జీడిపప్పు పడదు, ఇంజెక్షన్ దాకా వెళ్లింది. ఆత్రేయపురం పూతరేకులు తినొచ్చా? చాలా ఇష్టం. (రావులపాలెం)

జవాబు: రేకు బియ్యప్పిండిదే, బెల్లం, పంచదార, నెయ్యితో గొడవ లేదు. గొడవంతా డ్రై ఫ్రూట్ పూతరేకులు చుట్టిన చేత్తోనే, అదే బల్ల మీద మామూలువీ చుట్టడంతో. జీడిపప్పు పడనివాళ్లకి పిస్తా కూడా చాలావరకు పడదు, రెండూ దగ్గర చుట్టాలు, పొడి చేసి చల్లితే తెలియదు కూడా. షాపులో కట్టి ఉంచిన డబ్బా కొనకండి. ఉత్త రేకులు విడిగా అమ్ముతారు, రేకులు తీసే ఇంటి నుంచి నేరుగా తెచ్చుకుని మీ ఇంట్లో మీ నెయ్యి రాసి, మీ బెల్లం పొడి చల్లి చుట్టి పెట్టండి. మొదటిసారి సగం రేకు, పగటి పూట, కిట్ పక్కనే పెట్టుకుని.